శొంఠి వేసిన సాసేజ్

నీళ్ళు మరగకూడదు. అలాగని చల్లారకూడదు. గిన్నె అడుగున పుట్టిన బుడగ పైకి రానా వద్దా అని తటపటాయిస్తున్నట్టు ఉండాలి. అప్పుడే సాసేజ్‌కి తొడుగైన పేగు పగలకుండా లోపలి పచ్చి బంగాళాదుంప నిదానంగా ఉడుకుతుంది, గంటసేపు పడుతుంది, ఆ గంటా పొయ్యి దగ్గర నుంచి కదలకూడదు అని మా అత్తగారు టెక్లా చెప్పేది, చెప్పి తను మాత్రం కిటికీ పక్క చెక్క సోఫాలో కూర్చుని నన్ను నిలబెట్టేది. ఇవాళ నిలబెట్టేవాళ్ళు ఎవరూ లేరు, అయినా నిలబడే ఉన్నాను, పొయ్యి మీట మీద చెయ్యి వేసి. బయట సరస్సు అంచుల్లో మంచు పలకలు కట్టడం మొదలైంది. వెలుగు ఉండీ లేనట్టుంది, నవంబరు ఆఖరంటే ఇక్కడ ఇంతే, మధ్యాహ్నానికే దీపం పెట్టుకోవాలి. ఒంటిగంటకి టాక్సీ వస్తుంది. అందులో హల్వార్ వస్తాడు. వసంతకాలంలో, మతిమరుపు ముదిరినవాళ్ళ కోసం ఉన్న ఆశ్రమానికి వెళ్ళిన నా భర్త, మళ్ళీ ఈ ఇంట్లో భోజనానికి కూర్చోవడం ఇదే మొదటిసారి. కూర్చుని, తిని, నన్ను గుర్తుపడతాడో లేదో చూడాలి. అంతే నేను చూడదలుచుకున్నది. ముఖం చూసి గుర్తుపట్టడం లేదు, గొంతు విని గుర్తుపట్టడం లేదు, నాలుక అయినా గుర్తుపడుతుందేమో, నాలుక ముఖం కంటే పాతది కదా, చంటిపిల్లలు తల్లి ముఖం తెలియక ముందే పాలు తాగడం నేర్చుకుంటారు. ప్రభువా, ఇంత చిన్న కోరిక కోరితే తప్పా? తప్పయితే చెప్పు, మానేస్తాను. కానీ సాసేజ్‌లు అప్పుడే నీళ్ళలో పడ్డాయి.

బల్ల మీద మూడు పళ్ళేలు. మొన్నటిదాకా రెండే అనుకున్నాను. ఆశ్రమంలో పనిచేసే మిరేలా ఫోన్ చేసింది. "వీవన్, నువ్వేమీ అనుకోకు. మాయ్‌కెన్ లేకుండా కారెక్కనంటున్నాడు. నేను బూట్లు తొడగడం, ఆయన విప్పేయడం. మానేద్దామా?" మానేయడమెందుకు, ఆవిడనీ తీసుకురా, సాసేజ్ బోలెడుంది అన్నాను. ఎంత తేలిగ్గా అనేశానో. ఎవరో మరో మనిషి వస్తారంటే మరో పళ్ళెం పెట్టడం చేతులకి అలవాటు, ఆ మనిషి ఎవరో ఆలోచించేది తరవాత. ఫోను పెట్టేశాకే ఆలోచించాను. మాయ్‌కెన్. ఆవిడకి ఎనభై దాటాయి, మెత్తటి తెల్ల జుట్టు, చేతికి ఎప్పుడూ ఒక నీలం దారం ఉండ చుట్టుకుని ఉంటుంది, ఏమీ అల్లదు. మొదటిసారి వాళ్ళిద్దరినీ చూసింది ఆగస్టులో. హాల్లో కిటికీ దగ్గర పక్కపక్క కుర్చీల్లో కూర్చుని, హల్వార్ చెయ్యి ఆవిడ ఒళ్ళో ఉంది. పట్టుకోవడం కూడా కాదు, మరిచిపోయి వదిలేసిన చేతిగుడ్డలా ఉంది, అంత ఇంటిదానిలా. నన్ను చూసి లేచాడు. ఆడవాళ్ళు వస్తే లేవడం అతనికి చిన్నప్పటి నుంచీ ఉన్న మర్యాద. చెయ్యి చాచి తన పేరు చెప్పుకున్నాడు, కొత్తవాళ్ళకి చెప్పినట్టు, "హల్వార్ నీహోల్మ్." నేనేం చెయ్యను, చెయ్యి చాస్తే చెయ్యి ఇవ్వాలి, పేరు చెబితే పేరు చెప్పాలి, చిన్నప్పటి నుంచీ నేర్పింది అదే కదా. "వీవన్ నీహోల్మ్" అన్నాను. అతని ముఖం వికసించింది. "అరె! ఇంటిపేరు కూడా అదే! మనం ఎక్కడో చుట్టాలమై ఉంటాం!" అని మాయ్‌కెన్ వైపు తిరిగి నవ్వాడు, ఆవిడా నవ్వింది, నేనూ నవ్వాను. ముగ్గురం నవ్వుతుంటే నర్సు ఒకామె అటు వెళుతూ, ఎంత సరదాగా ఉన్నారో అంది.

సరదా. చర్చిలో ప్రార్థన అయ్యాక కాఫీల దగ్గర మా పాస్టరమ్మ కూడా అలాంటిదే అంది, చిన్నపిల్ల, మంచిది, నా మోచేతి మీద చెయ్యి వేసి. "హల్వార్‌కి సంతోషం దొరికింది వీవన్. అదీ దేవుడిచ్చిందే అనుకోవాలి." అనుకోవాలి. నేను అనుకోవడానికి ప్రయత్నించాను, చాలా ఆదివారాలు. దేవుడు అతనికి సంతోషం ఇవ్వాలనుకుంటే సంతోషమే, కానీ ఇంత పెద్ద లోకంలో నా వాటాలోంచి కాకుండా ఇంకెక్కడి నుంచీ తీసి ఇవ్వడానికి లేకపోయిందా? నేను తగువు పెట్టుకోవడం లేదు ప్రభువా, అడుగుతున్నాను. ఆ చర్చిలోనే కదా, అదే మెట్టు మీద మోకాళ్ళూని, మరణం విడదీసేదాకా అన్నాం. మరణం కాకుండా ఇంకొకటి వచ్చి విడదీస్తే ఆ మాటని ఏం చేసుకోవాలో అప్పటి ముసలి పాస్టరూ చెప్పలేదు, ఇప్పటి పాస్టరమ్మా చెప్పలేదు. అతను ఆ మాట మరిచిపోయాడు కాబట్టి అతనికి విడుదల. నాకు గుర్తుంది కాబట్టి నాకు లేదు. ఇద్దరం కలిసి చెప్పిన మాటని ఇప్పుడు ఒక్కదాన్నే మోస్తున్నాను. నిన్న ఆ కొమ్ము పట్టుకున్నట్టు.

కొమ్ము మా అత్తగారిది. ఆవు కొమ్ము, కొస కోసేసి నున్నగా అరగదీసింది. ఉప్పులో నానిన పంది పేగుని కడిగి దాని సన్నటి వైపు తొడిగి, వెడల్పు వైపు నుంచి మాంసం, ఉల్లిపాయ, తురిమిన పచ్చి బంగాళాదుంప కలిపిన ముద్దని బొటనవేలితో నెట్టాలి. ఇప్పుడు మిషన్లు ఉన్నాయి, మా అమ్మాయి క్రిస్టిన్ ఒకటి కొనిస్తానంది, నేనే వద్దన్నాను. అది ఇద్దరు చేసే పని. ఒకళ్ళు కూరాలి, ఒకళ్ళు పేగు చివర పట్టుకుని నిండుతున్న కొద్దీ లాగుతూ ఉండాలి. పట్టుకునేది ఎప్పుడూ హల్వారే. కాగితం మిల్లులో పనిచేసిన చేతులు, పెద్ద పెద్ద చేతులు, అయినా పేగుని ఎంత సుతారంగా పట్టుకునేవాడో. "నిదానం వీవన్, నిదానం, దుంప ఉబ్బుతుంది, దానికి చోటుండాలి," అనేవాడు ప్రతి ఏడూ, నాకు తెలియనట్టు, తను కనిపెట్టినట్టు. ప్రతి ఏడూ ఆ మాటకి ఒళ్ళు మండేది. నిన్న ఒక్కదాన్నే చేశాను. చివరని బట్టలారేసే క్లిప్పుతో బల్ల అంచుకి పట్టించి, కొమ్ముని గడ్డం కింద నొక్కిపెట్టి, ఒక చేత్తో కూరుతూ. పేగు జారి సింకులో పడింది, మళ్ళీ కడిగాను. తురిమిన దుంప గాలి తగిలితే బూడిద రంగుకి తిరుగుతుంది, తొందరగా కూరాలి, తొందరపడితే గాలి దూరుతుంది, గాలి దూరితే సూదితో పొడవాలి, సూది ఎక్కడ పెట్టానో తెలియదు, ఆ వంటింట్లో నేనొక్కదాన్నే ఉండి, నిదానం వీవన్, నిదానం అని పైకి అన్నాను. నా గొంతుతోనే అన్నాను. అప్పుడు కూడా ఒళ్ళు మండింది.

ఫోను. క్రిస్టిన్ అయ్యుంటుంది, గోథెన్‌బర్గ్ నుంచి. శనివారం పొద్దునే చేస్తుంది, ఇవాళ కావాలని ఆలస్యంగా చేసింది, వాళ్ళు వచ్చేశారేమో చూద్దామని. హాల్లోకి వెళ్ళి తీశాను.

"అమ్మా, ఆవిడని మన వంటింట్లో కూర్చోబెట్టి నిజంగా వడ్డిస్తావా?"

"ఆవిడ కొడుకు ఒప్పుకున్నాడు, ఆశ్రమం వాళ్ళు ఒప్పుకున్నారు. నీకేమిటే?"

"నీ మొగుడి పక్కన కూర్చోబెట్టి!"

"ఎనభై దాటిన మనిషి క్రిస్టిన్. పట్టుకుని నడిచే తోపుడు బండి లేకుండా గడప దాటలేదు."

"నడవలేకపోతేనేం? చెయ్యి పట్టుకోడానికి కాళ్ళెందుకు?"

నవ్వొచ్చింది నాకు. అది అచ్చం టెక్లా నోరు, మనవరాలికి దిగింది. "నాన్న నిన్ను గుర్తుపట్టకపోతే ఏం చేస్తావు?" అంది తరవాత, గొంతు తగ్గించి.

"ఏం చేస్తాను, కాఫీ పెడతాను."

"నాకు ఫోన్ చేసి ఏడవాలి నువ్వు. ఎప్పుడూ ఏడవ్వు. నాకు భయం వేసేది అదే" అంది. నేను ఏదో అనబోతుంటే వంటింట్లోంచి చప్పుడు వినిపించింది, గిన్నె మీద మూత కొట్టుకుంటున్న చప్పుడు, మూత ఎప్పుడు పెట్టానో కూడా తెలియదు, ఉంటానే అని ఫోను పెట్టేసి పరిగెత్తాను.

ఒకటి పగిలింది. పొడవునా నోరు తెరిచింది, తెల్లటి దుంప పలుకులు నీళ్ళలో తేలుతున్నాయి. మిగతావి బాగానే ఉన్నాయి, మంట తగ్గించాను, పగిలినదాన్ని చిల్లుల గరిటెతో తీసి గిన్నెలో పక్కన పెట్టాను, పగిలింది వండినవాళ్ళకే అని మా ఇంట్లో లెక్క. ఆవిరి ముఖానికి కొట్టింది. ఆ వాసన. మిరియాల్లాంటి ఆల్‌స్పైస్ గింజలు, ఉల్లి, మాంసం, వాటి వెనక నుంచి సన్నగా గొంతు అంచుని తాకే ఘాటు. శొంఠి. ఈ ఇంట్లో సాసేజ్ ఉడికిన నీళ్ళలోంచి ఈ వాసన రావడం ఇది రెండోసారి.

మొదటిసారి మా పెళ్ళయిన ఏడు. క్రిస్మస్ ముందు వచ్చే ఆదివారాల్లో మొదటిది. ఈ ఇల్లు అప్పుడు టెక్లాదే, మామగారు అప్పటికే పోయారు. ఈసారి సాసేజ్ నువ్వు చెయ్యమ్మా అంది, పరీక్ష అని నాకు తెలియదు, ప్రేమ అనుకున్నాను. మా పుట్టిల్లు సరస్సుకి అవతలి ఒడ్డు. మా అమ్మ ముద్దలో రెండు చెంచాల శొంఠిపొడి వేసేది, నేనూ వేశాను, వెయ్యకపోవడం అనేది ఒకటుంటుందని తెలియదు. మా అమ్మ కూడా ఇలాగే ఎవరింటికో వెళ్ళి ఎవరిదో వదులుకుని ఎవరిదో నేర్చుకుందేమో, నేనెప్పుడూ అడగలేదు. ఇదే బల్ల. ప్రార్థన చేసుకున్నాం. హల్వార్ ఒక ముక్క కోసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు. ఫోర్కు పళ్ళెంలో పెట్టి, నా వైపు కాదు, వాళ్ళమ్మ వైపు చూసి, "ఇది కాదు" అన్నాడు. బాగాలేదని కూడా అనలేదు. బాగాలేదంటే బాగుచేసుకోవచ్చు. ఇది కాదు. టెక్లా రుచి చూడకుండానే వాసన చూసి, "పోనీలేరా, అవతలి ఒడ్డు పిల్ల కదా, నేర్చుకుంటుంది. శొంఠి బిస్కెట్లలో వేస్తారమ్మా, సాసేజ్‌లో కాదు" అంది, నవ్వుతూనే, ఆవిడ నవ్వు మంచిదే. గిన్నె మొత్తం బుస్సేకి పెట్టేశారు. బుస్సే అంటే కుక్క. బుస్సే గిన్నె నాకి నాకి వరండా అంతా దొర్లించింది, ఆ చప్పుడు వింటూ మేం రొట్టె, జున్ను తిన్నాం. నేను వడ్డిస్తూ నిలబడే ఉన్నాను కాబట్టి ఒక్క ముక్క నోట్లో వేసుకోలేదు. ఎలా కుదిరిందో నాకే తెలియదు. బుస్సేని అడగాలి. అంతా అయ్యాక హల్వార్ లేచి, ఎప్పుడూ అనేదే, ఈ దేశంలో బల్ల దగ్గర నుంచి లేచే ప్రతి మనిషీ అనేదే, "భోజనానికి థాంక్స్" అన్నాడు.

రొట్టెకి. ఆ తరవాత నలభై ఏళ్ళ పైన, ప్రతి భోజనానికీ అన్నాడు. చేపకీ అన్నాడు, గంజికీ అన్నాడు, నేను జ్వరంతో వండిన మాడు కూరకీ అన్నాడు, మేం వారం రోజులు మాట్లాడుకోకుండా ఉన్నప్పుడు కూడా గోడకి చెప్పినట్టు అన్నాడు. వాన పడితే గొడుగు తెరిచినట్టు, లేస్తే థాంక్స్. దాంట్లో నాకు ఎంత ఉందో, లేచి నిలబడటానికి ఎంత ఉందో ఎప్పుడూ తెలియలేదు. తెలుసుకోవాలని అనిపించిన రోజులు ఉన్నాయి, పిల్ల పుట్టింది, టెక్లా మంచం పట్టింది, పోయింది, బతుకులో పడి అడగలేదు. ఆవిడ పోయాక కూడా నేను ఆవిడ సాసేజే చేశాను. శొంఠి లేకుండా. ఆవిడ కొమ్ముతో. చుట్టుపక్కల అందరూ టెక్లా చెయ్యి వీవన్‌కి వచ్చిందని చెప్పుకున్నారు. నేనూ పొంగిపోయాను, అదేమిటో.

నిన్న ముద్ద కలుపుతూ ఆగిపోయాను. చేతులు మోచేతుల దాకా ముద్దలో ఉన్నాయి, అప్పుడు తట్టింది. రేపు హల్వార్ తింటాడు, తిని తల ఎత్తుతాడు, కళ్ళలో వెలుగు వస్తుంది, వచ్చి ఏమంటాడు? అమ్మా అంటాడు. ఇది వాళ్ళమ్మ సాసేజ్. ఇది తిని గుర్తు రావాల్సిన మనిషి నేను కాదు. ఇన్నేళ్ళూ నేను ఆ మనిషికి వేలి ముద్రలు లేకుండా వండాను. రొట్టె టెక్లాది, పచ్చడి టెక్లాది, దుంపల ముద్దలో వెన్న ఎంత అన్నది కూడా టెక్లాది. ఈ ఇంట్లో, ఆ నాలుక మీద, నాది అని ఉన్నది ఒక్కటే ఒక్క ముక్క, దాన్ని అతను నమలడం ఆపేశాడు. మసాలాల అరలో వెనకాల, క్రిస్మస్ బిస్కెట్ల కోసం ఉన్న శొంఠి డబ్బా. ముద్ద బూడిద రంగుకి తిరుగుతోంది, ఆలోచించడానికి టైము లేదు. చేతులు తుడుచుకోకుండానే డబ్బా తీశాను, మూతకి ముద్ద అంటింది. రెండు చెంచాలు. తరవాత ఇంకో చెంచా, కోపంతో. రేపు అతను నమలడం ఆపాలి. ఫోర్కు కింద పెట్టాలి. ఇది కాదు అనాలి. అంటే చాలు. ఆ మాట ఈ లోకంలో అతను ఒక్కదాని వంటకే అన్నాడు, మళ్ళీ అంటే ఆ ఒక్కదాన్నీ ఎక్కడో గుర్తుపట్టినట్టే. తోసేస్తే తోసెయ్యనీ, నన్నే తోస్తాడు. ప్రభువా, నువ్వు నవ్వుతావేమో. భార్యలు భర్త మెచ్చాలని వండుతారు, నేను మెచ్చకూడదని వండుతున్నాను, దాన్ని కూడా ప్రార్థన అనుకుంటున్నాను.

అయిపోయింది, ఉడికాయి. సూదితో గుచ్చితే తేటనీరు వచ్చింది. దుంపల ముద్ద మెదిపి మూత పెట్టాను, పసుపుపచ్చ టర్నిప్, క్యారెట్, బంగాళాదుంప. ఊరవేసిన బీట్‌రూట్, ఆవముద్ద బల్ల మీద పెట్టాను. అతని చెప్పులు, ఇంట్లో తొడుక్కునే గొర్రెతోలు చెప్పులు, హాల్లో అతని చోటులో పెట్టాను. అతని కుర్చీ గోడ వైపుది, కొంచెం బయటికి లాగి ఉంచాను, మళ్ళీ లోపలికి నెట్టేశాను, సాయం చెయ్యకూడదు. కిటికీలో కాగితం నక్షత్రం వెలిగించాను. అప్పుడే టాక్సీ లైట్లు గోడ మీద పాకాయి.

మిరేలా ముందు వచ్చింది, వెనక తోపుడు బండితో మాయ్‌కెన్, ఆవిడ మోచెయ్యి పట్టుకుని హల్వార్. టోపీ తీశాడు. చెయ్యి చాచి పేరు చెప్పుకున్నాడు, నేనూ చెప్పాను, ఈసారి ఇంటిపేరు చెప్పలేదు. బూట్లు విప్పి, రెండూ జతగా కలిపి, ముక్కులు గుమ్మం వైపు పెట్టి, తివాచీ అంచున ఉంచాడు, పరాయి ఇంట్లో పెట్టినట్టు. పక్కనే ఉన్న గొర్రెతోలు చెప్పుల మీద నుంచి మేజోళ్ళ కాళ్ళతో జాగ్రత్తగా దాటాడు. వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. గోడ వైపు కుర్చీ అక్కడే ఉంది. అతను కుర్చీల వంక, నా వంక చూసి, నవ్వుముఖంతో ఎదురుచూస్తున్నాడు. కూర్చోమనేదాకా కూర్చోడు. ఎంతసేపు ఓర్చుకోగలను, మిరేలా చూస్తోంది. "మీకు ఎక్కడ వీలుగా ఉంటే అక్కడ కూర్చోండి" అన్నాను. మాయ్‌కెన్‌ని చెక్క సోఫాలో కూర్చోబెట్టి పక్కన తనూ కూర్చున్నాడు. టెక్లా కూర్చునే చోట. డ్యూటీలో ఉన్నాను, కాఫీ ఒక్కటి చాలు అని మిరేలా కిటికీ దగ్గర స్టూలు లాక్కుంది.

అతనే చేతులు జోడించాడు. భోజనం ముందు ప్రార్థన మొత్తం చెప్పాడు, ఒక్క మాట తడబడలేదు. నిన్ను మరిచిపోలేదు ప్రభువా, చూశావా. వడ్డించాను. సాసేజ్ ముక్క కోసి నోట్లో పెట్టుకున్నాడు. నేను పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాను, గరిటె చేతిలోనే ఉంది. నమిలాడు. ఆపాడు.

ఆపాడు. నేను చూశాను, దవడ కదలడం ఆగింది, కనుబొమల మధ్య ఆ గీత పడింది, అదే గీత, పెళ్ళయిన ఏడు పడిన గీత. అను. అనెయ్యి హల్వార్. అతను మాయ్‌కెన్ వైపు వంగాడు. చెవుడు ఉన్నవాళ్ళు గుసగుసలాడితే ఇల్లంతా వినిపిస్తుంది. "మా ఇంట్లో ఇలా చెయ్యరు" అన్నాడు. "కానీ నువ్వేం అనకు. మాట్లాడకుండా తిను. పాపం, కష్టపడి చేసింది. పరాయి వాళ్ళింటికి వచ్చి వంక పెట్టకూడదు."

తరవాత తలెత్తి నా వంక చూసి, "చాలా బాగుందండీ అమ్మగారూ. శ్రమపడ్డారు" అన్నాడు. అని, పళ్ళెంలో ఉన్నదంతా తిన్నాడు. ఇంకో ముక్క అడిగి వేయించుకున్నాడు, మర్యాదకి. దుఃఖం రాలేదు నాకు. అతనికి ఇంత తెలుసు. వండిన మనిషి మనసు నొచ్చుకుంటుందని, మింగేసి బాగుందనాలని, పక్కవాళ్ళని కూడా ఊరుకోబెట్టాలని. ఇది జబ్బు నేర్పింది కాదు, ఎప్పటి నుంచో ఉన్నది. మరి ఆ రోజు, కొత్త గౌనులో, గరిటె పట్టుకుని ఇదే పొయ్యి దగ్గర నిలబడిన అవతలి ఒడ్డు పిల్లకి ఇందులో ఒక్క చెంచా పెట్టలేకపోయావా? పరాయిదానికి ఉన్నపాటి నాకు లేకపోయిందే. భార్యనైన మొదటి చలికాలమే నా ముందు మర్యాద మానేశావు, దాన్నే దగ్గరితనం అనుకున్నాను నేను, ఇన్నేళ్ళూ.

మాయ్‌కెన్ అప్పటిదాకా వంచిన తల ఎత్తలేదు. ఉన్నట్టుండి, "శొంఠి" అంది. నీలం దారం చుట్టుకున్న చేత్తో సాసేజ్‌ని చూపించింది. "మా అమ్మ వేసేది. మాది అవతలి ఒడ్డు." అని నా ముఖంలోకి చూసింది, ఆ కళ్ళు తేటగా ఉన్నాయి ఆ కాసేపూ. "నువ్వు ఎవరి పిల్లవే?" అంది. మా అమ్మ పేరు చెప్పాను. ఆవిడ తల ఊపింది, తెలిసినట్టో, మర్యాదకో. ఈ ఇంట్లో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. దానికి నేనేం చెయ్యను? ద్వేషించడానికి కూడా సరిగా వీలివ్వలేదు.

డిష్‌లో ఒక్క ముక్క మిగిలింది. పరాయి ఇంట్లో ఆఖరి ముక్క ఎవరూ తీసుకోరు, దానికి ఇద్దరు ముగ్గురు మొహమాటపడి వదిలేస్తారు. సొంత ఇంట్లో అలా కాదు, మా ఇంట్లో ఆఖరి ముక్క ఎప్పుడూ హల్వార్‌దే, ఎవరినీ అడగకుండా ఫోర్కుతో పొడిచి తీసుకునేవాడు, క్రిస్టిన్ దొంగ, దొంగ అని అరిచేది. డిష్ అతని ముందుకి జరిపాను. "తీసుకోండి." "అయ్యో వద్దండీ, మీరు తీసుకోండి." మళ్ళీ నా వైపు జరిపాడు. లేచాడు. "భోజనానికి థాంక్స్" అన్నాడు. ఎప్పుడూ అన్నట్టే, అదే గొంతు, అదే లేవడం. ఇన్నేళ్ళుగా తెలియక అడగని దానికి జవాబు దొరికింది. దాంట్లో నాకంటూ ఏమీ లేదు. ఎవరింట్లోనైనా అంతే.

కాఫీ తాగారు. హాల్లో మాయ్‌కెన్ కోటు గుండీలు తనే పెట్టాడు, పై గుండీ దాకా, పేగు పట్టుకున్నంత సుతారంగా. టోపీ చేతిలో పట్టుకుని నా ముందు నిలబడ్డాడు. చుట్టాల ఇళ్ళలో, స్నేహితుల ఇళ్ళలో, ఇన్ని గుమ్మాల దగ్గర మేమిద్దరం పక్కపక్కన నిలబడి వెళ్ళొస్తామని చెప్పినప్పుడు, మా ఇద్దరి కోసం అతనే అనేవాడు ఆ మాట. "మా ఇద్దరి తరఫునా థాంక్స్ అండీ" అన్నాడు. మాయ్‌కెన్ అతని చెయ్యి పట్టుకుని తల ఊపింది. గుమ్మంలో నేనున్నాను. రండి, మళ్ళీ రండి అన్నాను. ఇంటివాళ్ళు అనాల్సింది అదే. మిరేలా నా భుజం నొక్కి వెళ్ళింది. టాక్సీ ఎర్ర లైట్లు సరస్సు మలుపు దగ్గర ఆరిపోయాయి. గొర్రెతోలు చెప్పులు తీసి లోపల పెట్టాను.

వంటింట్లో అప్పటికే చీకటి పడింది, నక్షత్రం ఒక్కటే వెలుగుతోంది. గోడ వైపు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నా పళ్ళెం శుభ్రంగా ఉంది, ఇవాళ కూడా వడ్డిస్తూ నిలబడే ఉన్నాను. డిష్‌లో ఆ ఒక్క ముక్క చల్లారి, కొవ్వు తెల్లగా పేరుకుంది. ఫోర్కుతో పొడిచి నోట్లో పెట్టుకున్నాను. నమిలాను. శొంఠి ఒక చెంచా ఎక్కువైంది, అది నా కోపం. మిగతాదంతా సరిగ్గా కుదిరింది.

ఆ ఏడు కూడా ఇలాగే కుదిరి ఉంటుంది. కుక్కకి పెట్టేశారు.